కొయ్యముక్కలో రుచేముంది? సొంత లూర్ల తయారీ, నెల్లూరు నీళ్ల లెక్క

భాగవతంలో అవధూత తనకు 24 మంది గురువులున్నారని చెప్పుకున్నాడు కదా, వాళ్లలో చేప ఒకటి. నాలుక కోసం గాలానికి చిక్కి ప్రాణం పోగొట్టుకునే చేపని చూసి జిహ్వని అదుపులో పెట్టుకోవడం నేర్చానంటాడు. నీతిశ్లోకాల్లోనూ ఇదే వరస: లేడికి పాట, ఏనుగుకి స్పర్శ, దీపపు పురుగుకి వెలుగు, తుమ్మెదకి వాసన, చేపకి రుచి. ఎర్రల్ని తడిమట్టితో సహా డబ్బాలో వేసుకుని చెరువుగట్టుకి పోయేవాళ్లెవరూ ఈ మాట కాదనరు. అదే గట్టు మీద పదడుగుల అవతల ఒక కుర్రాడు రంగేసిన కొయ్యముక్కకి ముల్లు తగిలించి విసిరితే, కొరమీను నీళ్లు చీల్చుకుంటూ వచ్చి కరుస్తుంది. కొయ్యలో రుచేముంది? దానికున్నవల్లా ఆకారం, మెరుపు, నడక. లూర్ అనే ఈ కొయ్యబొమ్మ దగ్గరికొచ్చేసరికి చేపని రుచి వరసలోంచి లేపి దీపపు పురుగు పక్కన కూర్చోబెట్టాలి.

ఎరకీ లూర్‌కీ తేడా ఇదే. ఎర తిండి. లూర్ తిండిలా నటించే బొమ్మ. ఎర వేసినవాడు బెండు వంక చూస్తూ బీడీ ముట్టించుకోవచ్చు, నీళ్లలో వాసన తన పని తాను చేసుకుపోతుంది. లూర్ వేసినవాడికి కూర్చునే యోగం లేదు. విసరాలి, లాగాలి, ఆపాలి, మళ్లీ లాగాలి. బొమ్మకి ప్రాణం వచ్చేది ఆ లాగుడులోనే. అందుకే సొంతంగా లూర్ చేసుకోవడమంటే చేప బొమ్మ చెక్కుకోవడం అనుకుంటే మొదటి అడుగే తప్పు పడుతుంది. అచ్చం చేపలా ఉండి కర్రలా ఈడ్చుకొచ్చే లూర్ షోకేసులో పెట్టుకోవడానికి పనికొస్తుంది. నడక కుదిరిన లూర్ రంగు సగం ఊడిపోయినా చేపలు పడుతూనే ఉంటుంది. ఈ సరదాలో కొత్తగా దిగినవాళ్లలో ఎక్కువమంది మొదటి నెలలన్నీ కళ్లూ పొలుసులూ గీయడంలోనే గడిపేస్తారు. ఆ గీతల్ని మెచ్చుకునేది ఇంటికొచ్చిన చుట్టాలే, చేపలు కావు.

చేపలు తోమేటప్పుడు గమనిస్తే ఒంటికి రెండు పక్కలా మొప్పల దగ్గర్నుంచి తోక వైపుకి సన్నటి గీత కనిపిస్తుంది. పార్శ్వరేఖ అంటారు. ఆ గీత వెంట ఉన్న చిన్న రంధ్రాల అడుగున నీటి కదలికని పసిగట్టే కణాలుంటాయి. దగ్గర్లో మరో చేప తోక ఆడించినా, కప్ప కాళ్లు తన్నినా ఆ అల ఒంటికి తగిలి తెలుస్తుంది. బురదనీళ్లలో, చీకట్లో వేటాడే చేపలు కంటి కంటే దీన్నే నమ్ముకుంటాయి. లూర్ అటూ ఇటూ ఊగుతూ రావడం వెనక ఉన్న అసలు కారణం ఇదే. దెబ్బతిన్న చేప తిన్నగా ఈదలేదు, ఒరుగుతూ కొట్టుకుంటూ పోతుంది. వేటచేపకి అది భోజనానికి పిలుపు లాంటిది.

ఏ చేప వస్తుంది, ఏది రాదు

ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నీళ్లకి కరువు లేదని అనలేం గానీ నీళ్లలో రకాలకి మాత్రం కరువు లేదు. పెన్న మీద 78 టీఎంసీల సోమశిల, తెలుగుగంగ దారిలో 68 టీఎంసీల కండలేరు, నెల్లూరు ఊరిని ఆనుకున్న పెద్ద చెరువు, గుండ్లకమ్మ మీద మల్లవరం దగ్గరి రిజర్వాయరు, అదే ఏటికి ఎగువన విజయనగర రాజుల నాటి కంభం చెరువు. ఇవన్నీ మంచినీళ్లు. తూర్పుకి పోతే బకింగ్‌హాం కాలువ, కృష్ణపట్నం ఉప్పుటేరు, పులికాట్ సరస్సు. ఆపైన మైపాడు, కొత్తపట్నం లాంటి ఇసుక తీరాలు.

అయితే చెరువుల్లోనూ రిజర్వాయర్లలోనూ పిల్లలు వదిలి పెంచేవి ఎక్కువగా బొచ్చె, శీలావతి, మోసు, బంగారుతీగ. ఇవి మరో చేపని తరిమి తినే జాతులు కావు. బొచ్చె పైనీళ్లలోని కంటికానని జీవుల్ని వడకట్టుకుని తింటుంది, మోసు అడుగు బురద వెతుక్కుంటుంది. తవుడు ముద్దకి వచ్చినంత సులువుగా ఇవి లూర్‌కి రావు. గట్టు మీది పెద్దాయన "ఏందబ్బయా, కొయ్యముక్కకు చేప పడతాదా?" అని నవ్వితే అది అజ్ఞానం కాదు. ఆయన జన్మంతా పట్టిన చేపలు అలాంటివి. పులుసు కోసమే పోయేవాడికి ఈ రోజుకీ తవుడు ముద్దే మేలు.

లూర్‌కి వచ్చేవి వేటగాళ్లు. చెరువుల్లో కొరమీను, దాని చిన్నతమ్ముడు మట్టగిడస, లోతునీళ్లలో వాలుగ. ఉప్పుటేర్లలో పండుగప్ప. సముద్రంలో పార, మాగ, కాస్త లోపలికి పోతే వంజరం. వీటి అలవాట్లు ఒకదానికొకటి పొంతన లేనివి. కొరమీను నీళ్లలో ఉన్న ప్రాణవాయువుతో సరిపెట్టుకోలేదు, మధ్యమధ్య పైకొచ్చి గాలి మింగాలి. గుర్రపుడెక్క, తామరాకుల సందుల్లో కాపు వేసి పైన కదిలేదాన్ని కొడుతుంది. వాలుగ పగలు లోతులో నక్కి రాత్రి తిరుగుతుంది. పండుగప్ప మడచెట్ల వేళ్ల చాటునో తూము నోటి దగ్గరో పోటు మారే వేళకి కాచుకుని ఉండి, నోరు ఒక్కసారిగా తెరిచి నీళ్లతో సహా రొయ్యనో కత్తిపరిగెనో లోపలికి పీల్చేస్తుంది. కొరమీనుకి చేసిన లూర్ పండుగప్పకి పనికిరాదు. మైపాడు ఇసుకలో నిలబడి విసిరేది కంభం చెరువులో రెండో విసురుకే అడుగున మోడుకి చిక్కుకుంటుంది.

సొంత తయారీకి ఉన్న గట్టి వాదన ఇక్కడే దొరుకుతుంది. దుకాణంలో వేలాడే లూర్లలో చాలావాటి ఆకారాలు అమెరికా బాస్ చేపకో యూరప్ పైక్ చేపకో పుట్టినవి. మన గుర్రపుడెక్కని వాటిని గీసినవాళ్లు ఎరగరు. పైగా అట్ట మీద మెరిసే రంగు ముందు కొనేవాడిని పట్టాలి, చేప సంగతి తర్వాత.

చెంచా

మొదటి లూర్ వంటింట్లోనే ఉంది. పడవలో కూర్చుని తింటుండగా చెంచా జారి నీళ్లలో పడితే చేప దాన్ని మింగిందని అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే ఆయన గురించి కథ చెబుతారు. ఆయన 1852లో చెంచా లూర్‌కి పేటెంటు తీసుకున్నాడు. నేటికీ ఆ జాతి లూర్‌ని స్పూన్ అనే అంటారు.

చెంచా ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే రావి ఆకు రాలడం చూస్తే చాలు. ఆకు రాయిలా పడదు, అటు జారి ఇటు జారి పడుతుంది. పల్చగా, వంపుగా ఉన్న దేన్నయినా నీళ్లు ఒకసారి ఈ అంచు మీదుగా, ఒకసారి ఆ అంచు మీదుగా విడిచిపెడతాయి. విడిచినప్పుడల్లా చిన్న సుడి పుడుతుంది, ఆ సుడి చెంచాని తన వైపుకి గుంజుతుంది. లాగినంతసేపూ ఊగుతుంది, ఊగినప్పుడల్లా ఒక మెరుపు.

చెయ్యడం సులువే, ఒక్క చోట తప్ప. పల్చటి స్టీలు చెంచాని మెడ దగ్గర హాక్సా బ్లేడుతో కోసి, కోసిన చోట ఆకురాయితో గుండ్రంగా అరగదీస్తే గిన్నె భాగం మిగులుతుంది. రెండు చివరలా అంచుకి 4 మిల్లీమీటర్ల లోపల ఒక్కో రంధ్రం వెయ్యాలి. కొత్తవాళ్లు ఇక్కడే డ్రిల్ బిట్లు విరగ్గొడతారు. స్టెయిన్‌లెస్ స్టీలుకి ఒక గుణం ఉంది: బిట్టు కొరక్కుండా రాసుకుంటూ తిరిగితే, తిరిగినకొద్దీ ఆ చోటు గట్టిపడిపోతుంది. వేగం పెంచితే పొగ వస్తుంది గానీ రంధ్రం పడదు. ముందు మేకుతోనో పంచ్‌తోనో చిన్న గుంట కొట్టి, ఒక చుక్క నూనె వేసి, డ్రిల్లు మెల్లగా తిప్పుతూ బాగా ఒత్తాలి. అప్పుడు సన్నటి స్టీలు చుట్టలు లేస్తాయి. అవి లేస్తుంటే పని అవుతున్నట్టు. పొడి రాలుతుంటే బిట్టు మొద్దుబారినట్టు. రంధ్రం అంచుల్ని రెండు వైపులా అరగదీసి, సన్నపు కొసకి దారం వైపు రింగు, వెడల్పు కొసకి ముల్లు తగిలించాలి. రింగు తాళాలగుత్తి రింగు లాంటిదే గానీ తాళాలగుత్తిది మాత్రం వద్దు. పెద్ద చేప పడితే అది విచ్చుకుంటుంది.

వంపు ఎక్కువైతే మెల్లగా లాగినా పెద్ద ఊపు వస్తుంది. వంపు తక్కువైతే వేగంగా లాగాలి. మరీ వేగంగా లాగితే ఏ చెంచా అయినా ఊగడం మానేసి గిరగిరా తిరుగుతుంది, టంగూసు దారం మెలిపడి చిక్కుముడి అవుతుంది. దానికి ముందు స్వివెల్, అంటే దారం మెలిపడకుండా తనే తిరిగే చిన్న కీలు, కట్టుకోవడం అందుకే. పల్చటి రేకు చెరువుకి, దళసరి రేకు సముద్రపు ఒడ్డుకి. గాలికి ఎదురు విసరాలంటే బరువు కావాలి మరి. ఒక ముఖం మెరుస్తూ వదిలేసి రెండో ముఖాన్ని గరుకు కాగితంతో మందగింపజేస్తే మెరుపు వెలుగుతూ ఆరుతూ వస్తుంది. రెండు వైపులా అద్దంలా ఉన్నదాని కంటే ఇది మేలు.

చెంచాల మాటొస్తే ఉదయగిరి గుర్తుకు రాక మానదు. దుర్గం కింద నర్ది లాంటి అడవి కర్రతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. కర్ర చెంచా తేలుతుంది కాబట్టి ఈ స్పూన్‌కి పనికిరాదు. కర్రపోగు ఎటు నడుస్తుందో చూసి బాడిస పెట్టే ఆ కన్ను మాత్రం కొయ్య లూర్‌కి కావలసిన కన్నే.

తేలేదీ మునిగేదీ: గ్రాముల లెక్క

ఫిన్లాండ్‌లో లౌరీ రాపాలా అనే జాలరి 1936లో చెప్పులు కుట్టే కత్తితో బెండు ముక్కని చిన్నచేపలా చెక్కాడు. మెరుపుకి చాకొలెట్ చుట్టిన రేకు కాగితం అతికించాడు, నీళ్లు దిగకుండా ఫొటో నెగిటివ్‌లు కరిగించి పూశాడు. గుంపులో దెబ్బతిన్న చేప ఒరుగుతూ ఈదితే పెద్ద చేప దాన్నే ఏరి పట్టుకోవడం ఆయన గమనించాడు. ఆ ఒరుగుడు బెండుకి వచ్చేదాకా చెక్కాడు. తర్వాత అదే పేరు ప్రపంచమంతా తెలిసిన కంపెనీ అయింది. మొదటి లూర్‌లోని సరుకంతా చెత్తబుట్టలోదే అన్నది మరిచిపోగూడదు.

మన చెత్తబుట్ట ఇంకా పెద్దది. కర్రతోనే మొదలుపెడదాం. జీలుగు బెండు చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. గాలానికి కట్టే తేలుడు ముక్కకి బెండు అన్న పేరు అలాంటి దూదికర్రల నుంచి వచ్చిందే. కానీ చేప పళ్లకి ఒక్క కాటుకే నుజ్జవుతుంది. మునగ కర్ర తేలికే, చెక్కడానికి హాయి, నీళ్లు తాగి తొందరగా పుచ్చిపోతుంది. కొండపల్లి బొమ్మలకి వాడే తెల్లపొనికి దొరికితే అదృష్టం. పోగు మెత్తగా ఉంటుంది, కత్తికి ఎదురు తిరగదు. వడ్రంగి దుకాణంలో ఊరికే దొరికే టేకు ముక్క మీద అందరి కన్నూ పడుతుంది గానీ దాని సంగతి లెక్కలో తేలుతుంది.

9 సెంటీమీటర్ల పొడవుతో, బొటనవేలంత లావుతో చెక్కిన చేప ఆకారం ఘనపరిమాణం సుమారు 13 ఘన సెంటీమీటర్లు అనుకుందాం. అంటే పూర్తిగా మునిగితే 13 గ్రాముల మంచినీళ్లని పక్కకి నెడుతుంది. మొత్తం బరువు 13 గ్రాముల లోపుంటే తేలుతుంది, దాటితే మునుగుతుంది. మూడుముళ్ల గాలాలు రెండింటికి కలిపి 3 గ్రాములు, లోపలి తీగ, రింగులు, పెదవి కలిపి రెండున్నర గ్రాములు వేసుకుంటే ఐదున్నర. ఘన సెంటీమీటరుకి 0.3 గ్రాములుండే తేలిక కర్ర అయితే 4 గ్రాములు. మొత్తం తొమ్మిదిన్నర, అంటే ఇంకా మూడున్నర గ్రాముల చోటుంది. టేకు ఘన సెంటీమీటరుకి 0.65 గ్రాములు, అంటే కర్రే ఎనిమిదిన్నర గ్రాములు. సామాను కలిపితే 14. ఏ బరువూ పెట్టకుండానే అడుగుకి పోతుంది.

ఆ మూడున్నర గ్రాముల చోటే అసలు విద్య. కడుపు అడుగున బరువు పెట్టకపోతే లూర్ వెల్లకిలా తిరుగుతుంది, ఎక్కువ పెడితే ఊగడం మానేస్తుంది. సైకిల్ రిపేరు దుకాణంలో వెనక హబ్బులో వేసే పావు అంగుళం ఇనుప గోళీ బరువు దాదాపు సరిగ్గా 1 గ్రాము. ముందు హబ్బు గోళీ అందులో సగం కంటే కొంచెం తక్కువ. తక్కెడ అక్కర్లేని తూకపు రాళ్లివి. కడుపు కింద పొడవునా రంపంతో గాటు పెట్టి, ముక్కు దగ్గరా బొడ్డు దగ్గరా తోక దగ్గరా మూడు కళ్లు, అంటే రింగులు పట్టే చిన్న చుట్లు, వచ్చేలా వంచిన స్టెయిన్‌లెస్ తీగని అందులో కూర్చోబెట్టి, బొడ్డుకి కాస్త ముందుగా రెండు గోళీలు వేసి, పైన ఎపాక్సీ జిగురుతో పూడ్చేస్తే లూర్ మెల్లగా తేలుతుంది. మూడు వేస్తే వెన్ను మాత్రం పైకి కనబడేలా వేలాడుతుంది. తీగ ఒకటే ముక్కగా తల నుంచి తోక దాకా ఉండాలి. స్క్రూలు బిగించిన లూర్ వాలుగ నోట్లో రెండు ముక్కలవుతుంది. మూడుముళ్ల గాలం అన్నప్పుడల్లా పెళ్లి గుర్తొచ్చేవాళ్లకి ఒక మాట: ఇక్కడ కూడా ఒకసారి పడితే ఊడదు.

పెళ్లి మాట ఊరికే రాలేదు. ముక్కు కింద ఏటవాలుగా ఉండే గట్టి పల్చటి నాలుక లాంటి ముక్కని పెదవి అనుకుందాం, లూర్‌ని లోతుకి దించేది అదే. బీరువాలో పడున్న పాత పెళ్లి వీడియో సీడీ దానికి బంగారం. సీడీ 1.2 మిల్లీమీటర్ల మందం పాలికార్బొనేట్, అద్దంలా పగిలే రకం కాదు. కానీ చల్లగా ఉండగా కత్తెర పెడితే అంచు బీటలిస్తుంది. మరిగే నీళ్లలో కాసేపు ఉంచి తీసి వెంటనే కోస్తే బీటలివ్వకుండా తెగుతుంది. వెండిపూత టేపు అతికించి లాగితే ఊడిపోతుంది. పెదవి నిలువుగా కిందికి దిగి ఉంటే లూర్ పైపైనే పెద్దగా ఊగుతూ వస్తుంది. ఒంటికి వరసలో ముందుకి చాచి ఉంటే లోతుకి దిగుతుంది, ఊపు బిగుస్తుంది. చెరువు గడ్డి మీదికి మొదటిది, సోమశిల లోతుకి రెండోది.

ఉప్పునీళ్ల దగ్గర లెక్క మళ్లీ మారుతుంది. సముద్రపు నీరు మంచినీటి కంటే రెండున్నర శాతం బరువు. పైన చెప్పిన 13 ఘన సెంటీమీటర్ల లూర్‌కి అది మూడోవంతు గ్రాము తేడా. కండలేరులో తేలకుండా మునగకుండా నీళ్ల మధ్య ఆగేలా సరిచేసుకున్న లూర్ మైపాడులో పైకి లేచిపోతుంది. పులికాట్ అయితే ఇంకా పేచీ. వానలకి నీళ్లు చప్పబడి, ఎండాకాలం ఆవిరై సముద్రం కంటే ఉప్పెక్కుతుంది. ఒకే చోట, ఒకే లూర్, కార్తీకంలో ఒకలా వైశాఖంలో ఒకలా. అక్కడ పక్షుల రక్షిత ప్రాంతానికి అవతల వేసేవాళ్లు బొడ్డు ముల్లు మీద సన్న సీసపు తీగ రెండు చుట్లు చుట్టుకుని, ఒడ్డునే విప్పుకుంటూ సరిచేసుకోవడం తప్ప దారి లేదు.

రంగు వెయ్యకముందే పరీక్ష చెయ్యాలి. తేలుడు చూడటానికి బకెట్టు చాలు, నడక చూడటానికి పంట కాలువ కావాలి. పారే నీళ్లకి ఎదురుగా పట్టుకుంటే విసరకుండానే నడక కనిపిస్తుంది. ఎడమకి లాగేస్తుంటే ముక్కు దగ్గరి కన్నుని పటకారుతో వెంట్రుకవాసి కుడికి వంచాలి, కుడికి పోతుంటే ఎడమకి. వెంట్రుకవాసి అన్నది మాటవరసకి కాదు, అర మిల్లీమీటరు ఎక్కువైతే పక్కకి పడుకుంటుంది.

చెప్పు కప్ప

కొరమీనుకి జాలర్లు తరతరాలుగా బతికున్న కప్పని గుచ్చి వేస్తారు. కప్పకాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే నిషేధించింది. పెద్ద పచ్చకప్ప 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం నీడలో ఉన్న జీవి. పొలంలో పురుగుల్ని తినిపెట్టేదీ అదే. కాబట్టి కప్ప లూర్ సరదాకి చేసేదే అయినా ఒక కప్ప ప్రాణం దక్కుతుంది.

అరిగిన హవాయి చెప్పు దీనికి సరుకు. నీళ్లు పీల్చదు, తేలుతుంది, బ్లేడుకి తెగుతుంది. బొటనవేలంత ముక్కని కప్ప ఆకారానికి కోసి, కొనలు రెండూ పైకి చూసే జంటముల్లుని వెన్నుకి ఆనేలా అమర్చి, వెనక కాళ్లకి రబ్బరు పోగులు కట్టాలి. గడ్డి మీదుగా లాగినా ముల్లు దేనికీ తగలకుండా రావాలన్నది యుక్తి. ఇక్కడొక చిక్కుంది. దుకాణంలో అమ్మే బోలు కప్ప, చేప నోరు మూయగానే అణిగిపోయి ముల్లు బయటపడుతుంది. చెప్పు రబ్బరు అంతగా అణగదు, చేప కరిచి వదిలేస్తుంది. విసిరిన ప్రతిసారీ కొరమీను కొట్టి, ఒక్కటీ పడని రోజులు దీంతో మామూలు. మందు ఒకటే: ఒళ్లు ముల్లు నోటి (కొనకీ కాడకీ మధ్య సందు) కంటే సన్నగా ఉండాలి, వెన్ను మీద ముల్లు పడుకునే గాడి తియ్యాలి. కప్పలా కనిపించకపోయినా ఫరవాలేదు. కింద నుంచి చూసే కొరమీనుకి ఆకాశం మీద నల్లటి నీడ తప్ప వేరే ఏం కనబడదు. చేప కొట్టిన చప్పుడు వినగానే గుంజకుండా ఒక క్షణం ఓర్చుకోవడం మాత్రం తయారీతో వచ్చేది కాదు.

నీళ్ల రంగు, లూర్ రంగు

నెల్లూరుకి వాన ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెన్న, కాలువలు, చెరువులు ఎర్రటి ఒండ్రుతో ఉంటాయి. ఎండాకాలానికి మిగిలిన నీళ్లు తేటపడతాయి. తేటనీళ్లలో ఎరుపు అన్నిటికంటే ముందు మాసిపోతుంది, కొన్ని మీటర్ల కిందికి పోగానే బూడిదలా కనిపిస్తుంది. రక్తం రంగు చేపని రెచ్చగొడుతుందని లోతు లూర్‌కి ఎరుపు పూసేవాళ్ల నమ్మకం పైనీళ్లకే చెల్లుతుంది. బురదనీళ్లలో వెలుగు కొద్ది దూరంలోనే చచ్చిపోతుంది. అక్కడ పసుపు, ముదురు నలుపు లాంటి కొట్టొచ్చే తేడాలు, అంతకంటే ముఖ్యంగా పెద్ద ఊపు, లోపల గోళీల గలగల పనిచేస్తాయి. వాన నీళ్లకి లావు లూర్, ఎండ నీళ్లకి సన్నటి లూర్ అని ముతకగా గుర్తుపెట్టుకోవచ్చు. చేపకి వెన్ను ముదురు, కడుపు తెలుపు ఎందుకుంటాయో ఆలోచిస్తే మిగతా రంగులు తామే కుదురుతాయి.

రంగుకి గోళ్ల రంగు, మెరుపుకి మాత్రల అట్ట రేకు, పైపూతకి రెండు ట్యూబుల ఎపాక్సీ. నవంబరు ముసురులో ఎపాక్సీ పూస్తే గాలిలో తేమకి పైన జిగటగా, తెల్లమబ్బుగా మిగిలిపోతుంది. మన తీరంలో వాళ్లు ఎండాకాలంలో చేసి వానాకాలంలో వాడుకోవడం మంచిది.

డబ్బు, సీసం, అనుమతి

సొంతంగా చేసుకుంటే మిగులుతుందన్న లెక్క మాత్రం నిలవదు. పేరున్న కంపెనీ లూర్ వందల రూపాయలుంటుంది, నిజమే. కానీ మంచి ముళ్లు, రింగులు, స్టెయిన్‌లెస్ తీగ, ఎపాక్సీ ఎలాగూ కొనాలి, వాటిలో కక్కుర్తి పడితే చేప పోతుంది. పైన ఒక్కో దానికి గంటల పని. కూలి కట్టుకుంటే దుకాణానిదే చవక. ఆదా అయ్యేది ధైర్యం. కొన్నదాన్ని మునిగిన మోళ్ల మధ్యకి విసరడానికి చెయ్యి రాదు, పెద్ద చేప ఉండేది అక్కడే. చెంచా లూర్ పోతే చెంచాయే కదా పోయింది.

సీసం దగ్గర మాత్రం సరదా పనికిరాదు. 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి వంటింటి స్టవ్వు మీద పెట్టేవాళ్లున్నారు. దాని ధూళీ పొగా ముందు పట్టేది పిల్లల్ని. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడితే తూటాలా చిందుతుంది. సైకిల్ గోళీలు ఉండగా దీన్ని కరిగించే పనేంటి?

అనుమతి విషయం చాలామంది మరిచిపోతారు. చెరువులు మత్స్యకార సహకార సంఘాల చేతుల్లో ఉంటాయి, రిజర్వాయర్లకి మత్స్యశాఖ లైసెన్సులుంటాయి. అడిగి వెయ్యడం మర్యాదే కాదు, అవతలివాడి బతుకుతెరువు. నేలపట్టు, పులికాట్ పక్షుల రక్షిత ప్రాంతాల్లో గాలం ఊసే వద్దు. తెగిపోయిన టంగూసు గూడబాతు కాలికి చుట్టుకుంటే అది ఇక లేవదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఒడ్డు నుంచి గాలం వేసేవాడిని ఆ నిషేధం పట్టించుకోకపోయినా, గుడ్లతో ఉన్న చేపకి ఆ తేడా తెలియదు.

కొరమీను సంగతి ఇంకా సున్నితం. పిల్లల గుంపు ఎర్రటి ముద్దలా పైకీ కిందికీ ఆడుతుంటే కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ ముద్ద మీదుగా లూర్ లాగితే తప్పకుండా కొడతాయి, ఆకలితో కాదు, కోపంతో. ఎరకి ఆ కోపాన్ని వాడుకునే శక్తి అంతగా లేదు, లూర్‌కి ఉంది. కాపలా చేపని పట్టేస్తే వందల పిల్లలు జిలేబీ చేపల పాలవుతాయి. పండుగప్పలో మరో విచిత్రం: చాలావరకు మగగా మొదలై పెద్దయ్యాక ఆడగా మారుతుంది. గొప్పకి ఫొటో తీసుకునే పెద్ద చేప దాదాపు ఎప్పుడూ గుడ్లు పెట్టే ఆడదే. ముల్లు మీది ఎదురుకొనని పటకారుతో నొక్కేస్తే దాన్ని వదలడం సులువు, మనిషి వేలికి దిగినా తియ్యడం సులువు.

వేట ముగిశాక లూర్‌ని మంచినీళ్లలో కడిగేటప్పుడు పళ్ల గాట్లు ఎక్కడ పడ్డాయో చూడాలి. తల పక్కన, బొడ్డు ముల్లు చుట్టూ ఉంటే చేప నమ్మి అడ్డంగా పట్టినట్టు. తోక కొసన సన్నటి గీతలే ఉంటే వెంటపడి అనుమానంతో కొరికినట్టు, అంటే నడక వేగం ఎక్కువ, లేదా ఒళ్లు మరీ పొడవు. గాట్లలోంచి కర్ర కనబడితే ఆ రోజే ఆరబెట్టి ఎపాక్సీ చుక్క వెయ్యాలి, లేకపోతే నీళ్లు దిగి కర్ర ఉబ్బుతుంది, పూత పెచ్చులూడుతుంది, మూడు గోళీల లెక్క తప్పుతుంది. గాట్లని మాత్రం రంగేసి కప్పేయకుండా వదిలెయ్యొచ్చు. తర్వాతి లూర్ చెక్కేటప్పుడు బల్ల మీద పక్కన పెట్టుకోవలసిన నమూనా అదే.